ఒకటో తరగతికి ముందు

ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల పేరు చెప్పి తల్లి ఖాతాలో డబ్బు వేయాలా వద్దా అనే తగవు ఎప్పుడో తీరిపోయింది. 2020 జనవరి 9న చిత్తూరులో అమ్మఒడి మొదలైంది. బడికి వెళ్లే పిల్లలు ఎందరున్నా తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు అన్నారు. తర్వాత బడి నిర్వహణకంటూ కొంత కోసి చివరికి 13,000 చేతికిచ్చారు. 2025 జూన్ 12న కొత్త ప్రభుత్వం దాన్నే తల్లికి వందనం పేరుతో ఇంట్లో చదివే పిల్లలందరికీ వర్తింపజేసి, 67.27 లక్షల మంది విద్యార్థుల లెక్క చెప్పింది. పేరు మారింది, సంఖ్య పెరిగింది, ఎవరిది గొప్ప అన్న పోటీ ఇంకా నడుస్తూనే ఉంది. ఈ సందట్లో ఒక ప్రశ్న పక్కకు జరిగిపోయింది. ఈ డబ్బు బిడ్డకు ఏ వయసులో చేరాలి? రెండు పథకాలూ ఒకటో తరగతితో మొదలై ఇంటర్మీడియట్‌తో ముగుస్తాయి. పన్నెండేళ్లకు కలిపి కాగితం మీద 1,80,000 రూపాయలు. అదే బిడ్డ కడుపులో పడ్డప్పటి నుంచి బడిలో చేరేదాకా తల్లికి నగదుగా అందేది ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద తొలి కాన్పుకు 5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. ఆ వయసులో ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని అనలేం. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, బాలామృతం ఇస్తున్నారు. కానీ నగదు విషయంలో మాత్రం బిడ్డ ఎదుగుదలకు అత్యంత కీలకమైన ఏళ్లు దాదాపు ఖాళీ. ఈ వ్యాసం వాదన రెండు ముక్కల్లో చెప్పొచ్చు. డబ్బు ముందుకు జరగాలి. జరిగినప్పుడు అది ఒంటరిగా కాక, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో, ఎలా తినిపించాలో చూపించే మనిషిని వెంటబెట్టుకుని రావాలి.

వయసు మీద ఇంత పట్టు ఎందుకన్న దానికి ఎక్కడో వెతకనక్కర్లేదు. యంగ్ లైవ్స్ అనే అంతర్జాతీయ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెన్నంటి చూసింది. అందులో పశ్చిమ గోదావరి కూడా ఉంది. ఏడాది వయసుకే ఎత్తు తగ్గిన పిల్లలు ఆ తర్వాత మాటల్లో, లెక్కల్లో వెనకబడటం, కలిగిన ఇంటి బిడ్డకూ లేని ఇంటి బిడ్డకూ మధ్య దూరం బడి గడప తొక్కకముందే ఏర్పడటం ఆ లెక్కల్లో కనిపించాయి. కొందరు తర్వాత కోలుకున్నారు, అదీ నిజమే. ఇక జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-20) ప్రకారం రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు విడతలో అది 31.4. అంటే నాలుగైదేళ్లలో కదలిక లేదనే చెప్పాలి. రక్తహీనత ఉన్న పసిపిల్లలు 58.6 శాతం నుంచి 63.2 శాతానికి పెరిగారు. పథకాల జాబితా పొడుగవుతున్న కాలంలోనే ఈ అంకెలు ఇలా ఉన్నాయి.

గోదావరి డెల్టాలో ఈ మాట ఎత్తితే మొదట వచ్చే అభ్యంతరం ఒకటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి అన్నానికి లోటు లేని సీమ ఇది, ఏ ఉత్తరాంధ్ర కొండల్లోనో చెప్పాల్సిన కథ ఇక్కడ ఎందుకని. డెల్టా సంపద భూమి ఉన్నవాళ్ల సంపద. పొలం కౌలుకు చేసేవాడిది, ఊడ్పులకూ కోతలకూ వెళ్లే ఆడకూలీది వేరే లెక్క. అయినా ఇక్కడి సమస్య ప్రధానంగా ఆకలి కాదని ఒప్పుకుందాం. అసలు కొరత తల్లి సమయం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే పనికి వెళ్లే తల్లి తెల్లవారకముందే బస్సెక్కుతుంది. నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే తల్లి ఇంట్లోనే ఉంటుంది గాని చేతులు ఖాళీగా ఉండవు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకంలో ఎత్తి చూపింది సరిగ్గా ఇదే. రోజంతా సాగే ఆ శ్రమను వ్యాపారులు ఇల్లాళ్ల కాలక్షేపంగా లెక్కగట్టారు. తల్లి ఇంట్లోనే ఉంది కాబట్టి బిడ్డకు తోడుంది అనుకోవడం ఆ లెక్కకు కొనసాగింపే.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ గల్ఫ్. కువైట్, ఒమన్ లాంటి చోట్లకు ఇంటిపనికి వెళ్లే తెలుగు ఆడవాళ్లలో కడపతో పాటు ఉభయ గోదావరి జిల్లాలవాళ్లు ఎక్కువ. కోనసీమ, నరసాపురం ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లకు నెలనెలా డబ్బు వస్తుంది, తల్లి రెండేళ్లకో మూడేళ్లకో వస్తుంది. బిడ్డను పెంచేది అమ్మమ్మో నాయనమ్మో. తల్లికి వందనం కన్నా ఎక్కువ మొత్తాలే ఆ ఇళ్లకు చేరుతున్నాయి. డాబా లేస్తుంది, బిడ్డ కాన్వెంటుకు వెళ్తుంది. కానీ ఏడాదిన్నర వయసులో ఆ బిడ్డతో ఎవరు ఎంతసేపు మాట్లాడారన్నది డబ్బు పంపిన మనిషి చేతిలో లేదు. నగదు మాత్రమే ఉండి పెంపకానికి తోడు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే డెల్టా కన్నా దగ్గరి ప్రయోగశాల ఉండదు. ఎవరూ ఆ దృష్టితో కొలవలేదు, అంతే.

కొలిచినచోట ఏం తేలింది? అమెరికాలో బేబీస్ ఫస్ట్ ఇయర్స్ అనే ప్రయోగం 2018-19లో వెయ్యి మంది పేద తల్లులతో మొదలైంది. లాటరీ పద్ధతిలో కొందరికి నెలకు 333 డాలర్లు, మిగిలినవారికి 20 డాలర్లు, ఎలాంటి షరతూ లేకుండా ఇచ్చారు. పిల్లలకు నాలుగేళ్లు వచ్చేసరికి భాషలో, ఆలోచనలో, ప్రవర్తనలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ధనిక దేశం సంగతి మనకెందుకంటే బంగ్లాదేశ్ ఉంది. అక్కడ 2012 నుంచి రెండేళ్లు పేద తల్లులకు నెలకు 1,500 టాకాలు ఇచ్చి చూశారు. డబ్బు మాత్రమే ఇచ్చినచోట, ఆహారం మాత్రమే ఇచ్చినచోట పిల్లల ఎత్తులో గట్టి మార్పు లేదు. డబ్బుతో పాటు వారంవారం తల్లుల సమావేశాలు, ఇంటికి వెళ్లి మాట్లాడటం కలిపినచోట ఎదుగుదల కుంటుపడిన పిల్లల శాతం 7.3 పాయింట్లు తగ్గింది. అదే డబ్బు, అదే పేదరికం, తేడా ఆ సమావేశాలది. దీనికి ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. నికరాగువాలో 2005-06లో నడిచిన నగదు పథకం వల్ల పిల్లల తెలివితేటలు మెరుగుపడ్డాయి, డబ్బు ఆగిన రెండేళ్ల తర్వాతా ఆ మెరుగు నిలిచింది. అయితే పరిశోధకులే గమనించిన సంగతి ఏమిటంటే, ఆ మెరుగు పెరిగిన ఆదాయం ఒక్కదానితో వివరించగలిగిన దానికన్నా ఎక్కువ. పథకం వెంట వచ్చిన మాటలు, సలహాలు, తల్లుల ప్రవర్తనలో మార్పు అందులో పనిచేశాయి.

ఇక రెండో వైపు నుంచి, పెంపకానికి తోడు మాత్రమే ఇచ్చి డబ్బు ఇవ్వనిచోట. ఇక్కడ సాక్ష్యం బలంగా ఉంది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986-87లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఎత్తు తగ్గిన 129 మంది పసిపిల్లల్ని తీసుకుంది. కొందరికి పాలపొడి, కొందరికి వారానికో గంట ఇంటికి వచ్చి తల్లితో కలిసి బిడ్డను ఆడించే ఆరోగ్య కార్యకర్త, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. రెండేళ్లు నడిచింది. ఇరవై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూస్తే, ఆటపాటల తోడు అందిన పిల్లలు పెద్దయ్యాక మిగతావాళ్ల కన్నా 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పాలపొడి మాత్రమే అందినవాళ్లలో అలాంటి దీర్ఘకాల లాభం కనబడలేదు. ఒడిశాలోని కటక్ మురికివాడల్లో ఇదే పద్ధతిని 421 మంది పిల్లలపై ఏడాదిన్నర పాటు పరీక్షిస్తే గ్రహణశక్తి స్పష్టంగా పెరిగింది. ఆ రాష్ట్రంలోనే 192 పల్లెల్లో చేసిన మరో ప్రయోగం ఇంకా పనికొచ్చే సంగతి చెప్పింది. ఇంటింటికీ వెళ్లినా, తల్లుల్ని గుంపుగా కూర్చోబెట్టినా ఫలితం దాదాపు ఒకటే, గుంపు పద్ధతికి ఖర్చు మూడో వంతు కన్నా తక్కువ.

మన సొంత ప్రయోగం మాత్రం మనవాళ్లకే పెద్దగా తెలియదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ తదితరులు నల్లగొండ జిల్లాలో 60 గ్రామాలు, 600 మంది తల్లీబిడ్డలతో చేసిన అధ్యయనం అది, ఫలితాలు 2013లో వచ్చాయి. బిడ్డకు మూడు నెలలప్పటి నుంచి పదిహేను నెలలు వచ్చేదాకా చూశారు. ఒక గుంపు గ్రామాల్లో మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో గుంపులో ఏ వయసులో ఏం తినిపించాలో ఊరి ఆడవాళ్లే ఇంటికి వెళ్లి చెప్పారు. మూడో గుంపులో ఆ మాటలతో పాటు బిడ్డ ఆకలి సైగలు గమనించి, బలవంతపెట్టకుండా తినిపించడం, కొద్దిపాటి బొమ్మలతో ఆడించడం నేర్పారు. తిండి సంగతి చెప్పిన రెండు గుంపుల్లోనూ పిల్లల ఆహారం మెరుగుపడింది. మానసిక వికాసం పరీక్షలో ముందుకు వెళ్లింది ఆట కూడా నేర్పిన గుంపు. తెలుగు పల్లెల్లో, తెలుగు తల్లులతో, ఊళ్లో ఉండే ఆడవాళ్ల చేతుల మీదుగా వచ్చిన ఫలితం ఇది. దాన్ని అమ్మఒడి రూపకర్తలు గానీ తల్లికి వందనం రూపకర్తలు గానీ పట్టించుకున్న ఆనవాలు పథకాల్లో లేదు.

మరి తోడు ఒక్కటే చాలు, డబ్బెందుకు అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలి? నిజాయితీగా చెప్పాలంటే, డబ్బు మాత్రమే, తోడు మాత్రమే, రెండూ, ఏదీ లేకపోవడం అనే నాలుగింటినీ ఒకేచోట పోల్చిన ప్రయోగాలు చాలా తక్కువ. బంగ్లాదేశ్‌లో ఇటీవలి అధ్యయనం ఒకటి నగదు మాత్రమే అందిన తల్లుల పిల్లల్ని నగదుతో పాటు ఆటపాటల శిక్షణ అందినవాళ్ల పిల్లలతో పోల్చి, రెండో గుంపే మాటలో, బుద్ధిలో ముందుందని చెప్పింది. తోడుకు డబ్బు కలిస్తే ఎంత పెరుగుతుందన్న లెక్క అంత గట్టిగా లేదు. కాబట్టి రెండూ కలిస్తే అద్భుతం జరుగుతుందని నేను అనను. డబ్బు చేసే పని వేరు. ఊడ్పుల కాలంలో కూలి వదులుకుని గంటసేపు సమావేశానికి రాగలిగే వెసులుబాటు అది. పెద్ద సమావేశాలు పెట్టి పేద తల్లి రావట్లేదని నిందించే అలవాటు మన అధికారులకు ఉంది. ఆ గంట కూలి ఎవరు ఇస్తారని అడిగే అలవాటు లేదు. మరో సంగతి, కొలంబియాలో నగదు పథకంలోని తల్లుల నాయకురాళ్లనే ఎంచి, శిక్షణ ఇచ్చి, 96 పట్టణాల్లో ఇళ్లకు పంపారు. కొత్త సిబ్బంది, కొత్త కార్యాలయం లేకుండా నగదు పథకం వేసిన దారిలోనే తోడు కూడా నడిచింది. పిల్లల గ్రహణశక్తి పెరిగింది. రెండేళ్ల తర్వాత చూస్తే మాత్రం ఆ తేడా చెరిగిపోయింది. నైజర్‌లో నగదుతో పాటు పెంపకం పాఠాలు చెబితే తల్లుల ప్రవర్తన మారింది గాని, పిల్లల వికాసంలో మార్పు స్వల్పం. ఈ రెండు అనుభవాలూ దాచాల్సినవి కావు. జమైకాలో నిలిచింది, కొలంబియాలో కరిగింది అంటే వారంవారం శ్రద్ధగా చేసిన పనికీ, విస్తరించే తొందరలో పలచబడ్డ పనికీ తేడా ఉందనే నేను అర్థం చేసుకుంటాను. ఆ తర్వాత, మూడేళ్ల వయసులో బిడ్డ వెళ్లే అంగన్‌వాడీలో చదువు చెప్పకపోతే ఎంత సంపాదించినా నిలవదు.

ఇప్పుడు పశ్చిమ గోదావరి అనుభవం. 2010లో కేంద్రం ఇందిరాగాంధీ మాతృత్వ సహయోగ్ యోజనను దేశంలో యాభైకి పైగా జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంచిన రెండు జిల్లాలు నల్లగొండ, పశ్చిమ గోదావరి. గర్భిణికి, బాలింతకు మూడు విడతల్లో 4,000 రూపాయలు. ఇక్కడ అసలు విషయం షరతుల్లో ఉంది. గర్భం నమోదు, టీకాలు మాత్రమే కాదు, గర్భిణిగా ఉన్నప్పుడు కనీసం ఒక సలహా సమావేశానికి రావాలి, కాన్పయ్యాక బిడ్డ బరువు తూచే రోజులకూ పాలు పట్టడం, తినిపించడం గురించిన సమావేశాలకూ రావాలి. నగదునూ పెంపకపు మాటనూ ఒకే పథకంలో కట్టిన ప్రయత్నం మన డెల్టాలోనే, పదిహేనేళ్ల కిందటే జరిగిందన్నమాట. కానీ ఆ మాట చెప్పేది ఎవరు, ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి అన్నదానికి పథకంలో పెట్టుబడి లేదు. లబ్ధిదారుకు చెల్లింపులన్నీ పూర్తయితే అంగన్‌వాడీ కార్యకర్తకు 200 రూపాయలు, ఆయాకు 100 ప్రోత్సాహకం. అంటే ప్రోత్సాహం డబ్బు చేర్చినందుకే గాని, మాట చేర్చినందుకు కాదు. సమావేశం రిజిస్టరులో ఒక సంతకంగా మిగలడానికి ఇంతకన్నా ఏం కావాలి? 2017 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన మాతృవందన యోజన ఆ సంతకాన్ని కూడా తీసేసింది. గర్భం నమోదు, ఒక పరీక్ష, జనన నమోదు, తొలి టీకాలు, అంతవరకే. పైగా 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకూ బాలింతలకూ 6,000కు తగ్గకుండా ఇవ్వాలంటే, ఈ పథకం మొదట్లో తొలి కాన్పుకే పరిమితమై 5,000తో సరిపెట్టింది. సలహా సరిగా చెప్పలేకపోయామని సలహానే రద్దు చేయడం నాకు విధానంలా తోచదు.

షరతుల మీద వచ్చే విమర్శతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తాను. సమావేశానికి రాకపోతే డబ్బు ఆపుతామంటే మొదట ఆగేది రాలేని తల్లికే. వలస కూలీకి, ఆధార్‌లో పేరు తప్పుపడ్డ అమ్మాయికి, తెల్లవారుజామున ప్లాంటుకు వెళ్లేదానికి. కనుక సమావేశం పిలుపుగా ఉండాలి, హాజరు పట్టీగా కాదు. దీనికన్నా లోతైన అభ్యంతరం మరొకటుంది. బిడ్డను పెంచడం పేద తల్లికి మీరు నేర్పుతారా, ఇది పైవాళ్ల పెత్తనం కాదా అని. పెత్తనంగా చేస్తే పెత్తనమే. చేతులు కడుక్కోండి, శుభ్రంగా ఉండండి అని మైకులో చెప్పే సభలకు ఈ దేశంలో కొదవ లేదు. జమైకా, నల్లగొండ పద్ధతుల్లో ఉన్నది అది కాదు. వచ్చిన మనిషి నేల మీద కూర్చుని, ఆ ఇంట్లో ఉన్న గిన్నె, గరిటె, గుడ్డపీలికతో బిడ్డను ఆడించి, తర్వాత తల్లి ఆడిస్తుంటే మెచ్చుకుంటుంది. గుడుగుడు గుంచం, తారంగం లాంటి ఆటలు మన ఇళ్లలో కొత్తవి కావు. ఆ ఆటలు తెలియకపోవడం సమస్య కాదు, అలిసిపోయిన తల్లికి అవి చదువుతో సమానమైన పని అని ఎవరూ చెప్పకపోవడం సమస్య. డెల్టాలో ఇంకో సవరణ కావాలి. ఇక్కడ పిలుపు అమ్మమ్మ పేరున కూడా వెళ్లాలి. గల్ఫ్ ఇంట్లో ఖాతా తల్లిది, బిడ్డ అమ్మమ్మ చేతిలో. ఫోన్‌లో రోజూ మాట్లాడే తల్లికి కూడా ఆ అరగంటలో బిడ్డతో ఏం మాట్లాడొచ్చో చెప్పడం కష్టమేం కాదు.

ఎవరు చేస్తారన్నదే చివరికి అసలు చిక్కు. రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి, 2024 మార్చిలో కేంద్రం మూడేళ్లలోపు పిల్లల ఆటపాటల కోసం నవచేతన అనే చట్రం కూడా ప్రకటించింది. దాన్ని మోయాల్సింది నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం మీద పనిచేసే కార్యకర్త. ఆమె వంట లెక్కలు, ఫోన్ యాప్‌లు, సర్వేల మధ్య నలిగి, 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసింది. ఆమె నెత్తిన ఇంకో పని పెడితే అదీ రిజిస్టరు సంతకమే అవుతుంది. తమిళనాడులో అంగన్‌వాడీలకు పూట పని చేసే మరో మనిషిని ఇచ్చి పరీక్షిస్తే చదువు చెప్పే సమయం రెట్టింపైంది, పిల్లల లెక్కలూ భాషా మెరుగుపడ్డాయి. మనకు ఆ రెండో మనిషి దొరికే చోటు సిద్ధంగా ఉంది. డ్వాక్రా సంఘాలు, వాటిపై గ్రామ సమాఖ్యలు ఉభయ గోదావరుల్లో ఊరూరా ఉన్నాయి. అప్పుల లెక్కలు రాసే యానిమేటర్లున్నారు. కొలంబియా తన నాయకురాళ్లను వెతుక్కుంది, మన దగ్గర పాతికేళ్లుగా సమావేశాలకు అలవాటుపడ్డ ఆడవాళ్లున్నారు. కాలవ ఉన్నంత మాత్రాన శివారు చేనుకు నీరెక్కదు, బోదె తవ్వాలి. సమాఖ్యలోంచి చదువుకున్న ఒక యువతిని ఎంచి, మూడేళ్లలోపు పిల్లల తల్లుల కోసం వారానికోసారి, ఊడ్పులూ కోతలూ లేని పూట చూసి, గంట సేపు నడిపే పనికి విడిగా జీతం ఇవ్వడమే ఆ తవ్వకం. జీతం లేకుండా సేవాభావం మీద నడిపిద్దామనుకుంటే మొదలుపెట్టకపోవడం మేలు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు సులువు కాదు. మొదటి రెండు మూడేళ్లు అదనపు ఖర్చు తప్పదు, ఎందుకంటే బడిలో ఉన్న పిల్లలకు ఇచ్చేది ఆపలేం. ఆపైన మాత్రం లెక్క మార్చొచ్చు. పన్నెండు విడతల్లో రెండింటిని బిడ్డ మూడేళ్లలోపుకు జరిపి, ఏడాదికోసారి ఒక్క మొత్తంగా కాక రెండేళ్ల పాటు నెలనెలా 1,000, 1,200 చొప్పున ఇస్తే తల్లికి అది పండగ డబ్బులా కాక జీవనాధారంలా ఉంటుంది. ఇంటర్ విద్యార్థికి ఆ మేరకు తగ్గుతుంది, దాన్ని రాజకీయంగా చెప్పుకోవడం కష్టం. ఒకటో తరగతిలో చేరే బిడ్డ తల్లి కన్నా ఆరు నెలల బిడ్డ తల్లి ఓటు తక్కువేం కాదని నాయకులు గుర్తిస్తే అది అంత కష్టం కూడా కాదు.

కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొన్ని మండలాలు తీసుకుని దీన్ని మొదలుపెట్టాలి. గ్రామాలను లాటరీ తీసి నాలుగు భాగాలు చేయాలి. ఒక భాగానికి ముందస్తు నగదు, ఒక భాగానికి సమావేశాలు, ఒక భాగానికి రెండూ, మిగిలిన భాగానికి అవే రెండేళ్ల తర్వాత. నల్లగొండలో ఈ పని చేసి చూపించిన జాతీయ పోషకాహార సంస్థకే కొలిచే బాధ్యత అప్పగించాలి. గల్ఫ్ ఇళ్లను విడిగా లెక్కించాలి. బిడ్డలు ఒకటో తరగతిలో చేరాక మరోసారి కొలవాలి, మెరుగు నిలిచిందా కరిగిందా తేలాలి. ఫలితం ప్రభుత్వానికి నచ్చినా నచ్చకపోయినా తెలుగులో అచ్చువేసి గ్రామ సమాఖ్యల ముందు పెట్టాలి.